ఎవరి స్వేచ్ఛ? ఎవరి ఒప్పందం?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో బాల్యవివాహం ఆపడానికి వెళ్ళిన కార్యకర్తలకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మా పిల్ల, మా పెళ్ళి. మద్దిన మీరెవులు?" దీన్ని మొరటుతనమని కొట్టిపారేస్తాం. ఆ తండ్రికి తెలియకపోవచ్చు గానీ, ఫ్రెంచి ఉదారవాదులు రెండు శతాబ్దాల కిందట రాజ్యాన్ని అడిగింది దాదాపు ఇదే.

ప్రాచీనులకు స్వేచ్ఛ అంటే పాలనలో పాలుపంచుకోవడం, ఆధునికులకు స్వేచ్ఛ అంటే తమ నమ్మకం, వృత్తి, ఆస్తి, సొంత జీవితం జోలికి రాజ్యం రాకపోవడం అని బెంజమిన్ కాన్‌స్టంట్ 1819లో పారిస్‌లో చెప్పాడు. చట్టం పని మనిషినీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ కాపాడడమే, అంతకు మించితే అది దోపిడీయేనని 1850లో బాస్తియా వాదించాడు. 1969-70లో శ్రీకాకుళం 'ఎదురుకాల్పుల'నూ, 1975లో ఎమర్జెన్సీనీ చూసిన నేలలో ఈ మాటల విలువ తక్కువేమీ కాదు.

అయితే ఇక్కడ 'మనిషి' అంటే ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు విజయనగరంలోనే దొరుకుతుంది. 1897 నాటి 'కన్యాశుల్కం' ముందుమాటలో గురజాడ ఒక జాబితా గురించి రాశారు. ఆనాటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళను మహారాజా ఆనందగజపతి లెక్క కట్టించారు. 1034 పెళ్ళిళ్ళు, ఏడాదికి సగటున 344. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవాళ్ళు 99 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు. ఒప్పంద స్వేచ్ఛ కొలతతో చూస్తే ఇది ఇద్దరు మగవాళ్ళు ఇష్టపడి చేసుకున్న బేరం. పిల్ల అందులో పక్షం కాదు, సరుకు. బానిసత్వాన్ని ఖండించిన ఉదారవాదులు ఇంటి గడప దగ్గర ఆగిపోయారు.

ఫ్రెంచి జెండా ఎగిరిన తెలుగు నేల యానాంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కాన్‌స్టంట్ ఉపన్యసించిన 1819లోనే, భారతీయుల వ్యాజ్యాలు వాళ్ళ కులాచారాల ప్రకారమే తీర్చాలని ఫ్రెంచి ఇండియాలో ఉత్తర్వు వచ్చింది. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, అది వర్తించని యానాంకు బ్రిటిష్ ఆంధ్ర నుంచి కుటుంబాలు వచ్చి చిన్నపిల్లలకు పెళ్ళిళ్ళు చేసుకుపోయాయి. ఊరికి కల్యాణపురమన్న పేరు కూడా వచ్చింది. తండ్రుల స్వేచ్ఛ భద్రంగానే ఉంది.

అలాగని ఆ సంప్రదాయాన్నంతా పారేయలేం. పౌర హక్కులు స్త్రీలకూ చెందాలని 1790లోనే కాండోర్సె వాదించాడు. 1791లో స్త్రీ హక్కుల ప్రకటన రాసిన ఒలింప్ ద గూజ్‌ను 1793లో గిలటిన్‌కు బలిచ్చారు. 1804 పౌరస్మృతి భార్య భర్తకు విధేయంగా ఉండాలంది. ఫ్రెంచి స్త్రీకి ఓటుహక్కు 1944లో గానీ రాలేదు.

మనం చట్టాన్ని నమ్ముకున్నాం. 2006 నాటి మరింత గట్టి చట్టమే ఉంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. మరోపక్క కూతురు తనకు నచ్చినవాడితో వెళ్ళిపోతే అదే చట్టం పట్టుకుని తండ్రులు పోలీసుస్టేషన్‌కు వెళుతున్నారు. నిన్న రాజ్యాన్ని గుమ్మం బయట నిలబెట్టినవాళ్ళే ఇవాళ దాన్ని లోపలికి పిలుస్తున్నారు. రెండుసార్లూ పిల్లను అడిగినవాళ్ళు లేరు.

మనమైనా అడుగుతున్నామా? పదిహేనేళ్ళ పిల్ల 'సరే' అంటే పెళ్ళి చేసేయమని కాదు. పెళ్ళి ఆపి, రిపోర్టు రాసి, ఆ పిల్లను అదే ఇంట్లో వదిలి వచ్చాక, ఆమె బడికి వెళ్తోందో, దెబ్బలు తింటోందో చూడడానికి మళ్ళీ ఎందరం వెళ్తున్నాం? రాజ్యం జోక్యం చేసుకోవాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. ఆ జోక్యం వల్ల పిల్ల మాటకు చోటు పెరిగిందా అన్నది మొదటిది.

"మద్దిన మీరెవులు" అన్న తండ్రికి మనం చెప్పాల్సిన జవాబు కూడా అదే: మద్దిన ఉన్నది మేం కాదు, మీ పిల్ల.