తరంగ శిఖరములకు కొలబద్ద పల్లెయే

ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న పారుచున్న గండికోట లోయలో ఒక సెల్‌ఫోను పలుకవలెనన్న, టవరునుండి తరంగము సూటిగా వచ్చునది కొంత, ఇరుదెసల శిలాకుడ్యములను తాకి మరలి ఆలస్యముగా వచ్చునది కొంత. మూడువందల మీటర్ల చుట్టుదారి పట్టిన తరంగము ఒక మైక్రోసెకను వెనుకబడును. ముందు వచ్చిన సంకేతముపై వెనుకటిది పడి రెండును చెడకుండుటకే నేటి 4జీ, 5జీ విధానములు సమాచారమును ఒక్క వేగవంతమైన ప్రవాహముగా గాక, మందగతిగల అనేక ఉపవాహకములపై పంచి పంపుచున్నవి. 1966లో బెల్ ప్రయోగశాలకు చెందిన రాబర్ట్ చాంగ్ ప్రతిపాదించిన ఈ బహువాహక పద్ధతి, 4జీలో 20 మెగాహెర్ట్జ్‌ల వెడల్పునందు 1200 ఉపవాహకములను నడుపుచున్నది.

ఈ సౌకర్యమునకు చెల్లింపవలసిన మూల్యమొకటి కలదు. ఆ 1200 తరంగములు తమతమ లయలలో లేచుచు వంగుచు సాధారణముగా ఒకదానినొకటి అణచుకొనును గాని, వాని శిఖరములన్నియు ఒక్క క్షణమున కలిసినచో శక్తి సగటునకు 1200 రెట్ల వరకు ఎగయుటకు శాస్త్రరీత్యా అవకాశమున్నది. అంతటి ఘటన దాదాపు అసంభవమే యైనను, సగటునకు పదిరెట్ల శిఖరములు ఎదురగుచునే యుండును. ఏండ్ల కొకసారి వచ్చు వరదను తలచి చెరువునకు వెడల్పయిన మరువ కట్టినట్లు, ఆ అరుదైన శిఖరము వికృతి చెందక దాటిపోవలెనని యాంప్లిఫయరును దాని శక్తిలో పదవ వంతుననే సదా నడుపవలసివచ్చుచున్నది. బి-తరగతి యాంప్లిఫయరు పూర్తి బలముతో పనిచేయునపుడు సిద్ధాంతరీత్యా విద్యుత్తులో 78 శాతమును తరంగముగా మార్చగలదు; పదవ వంతునకు దిగినచో అది 25 శాతమునకు పడిపోవును, మిగిలినదంతయు వేడియై పోవును. టవర్లలో వాడుచున్న డోహర్టీ యాంప్లిఫయర్లు ఈ నష్టమును కొంత తగ్గించును గాని తొలగింపజాలవు. పట్టణమున ఇది విద్యుత్ బిల్లులో ఒక అంకె మాత్రమే. సౌరఫలకముపైనను డీజిలుపైనను ఆధారపడిన మారుమూల టవరునకు ఇది జీవన్మరణ సమస్య.

శిఖరములను తగ్గించుటకు గణితజ్ఞులు కనుగొనిన మార్గములలో ఒకటి, ఉపవాహకములను గుంపులుగా విభజించి ఒక్కొక్క గుంపు దశను కొంత త్రిప్పి, అవి ఏకకాలమున ఎగయకుండ చూచుట. 16 గుంపులు, గుంపునకు నాలుగు దశలు చాలునన్నను పరిశీలింపవలసిన కూర్పులు 107 కోట్లకు మించును. ఒక్కొక్క సంకేతఖండమునకు 4జీలో లభించు వ్యవధియో 71 మైక్రోసెకనులు. కావున అన్నిటిని వెదకుట మాని, పక్షుల గుంపు నడకను చూచి 1995లో కెన్నెడీ, ఎబర్‌హార్ట్ రూపొందించిన కణసమూహ పద్ధతివంటి ఉపాయములతో ఉత్తమమునకు సమీపమైన కూర్పును వెదకుచున్నారు. మన ఇంజనీరింగు కళాశాలలలో ఈ విధమైన పరిశోధన విరివిగా సాగుచున్నది. అందలి తెలివిని, శ్రమను నేను మనసార గౌరవింతును. అయితే ఏ దశలను ఎన్నుకొంటిమో అవతలి యంత్రమునకు తెలుపవలయును, ఆ తెలుపుటలో పొరపాటు జరిగినచో ఆ ఖండమంతయు వ్యర్థమగును. పైగా వెదకులాటకే విద్యుత్తు ఖర్చగును. అందువలననే పరిశ్రమవారు శిఖరమును కత్తిరించి వడపోయు మోటు పద్ధతినే ఎక్కువగా ఆశ్రయించుచున్నారు. కంప్యూటరు తెరపై సాధించిన మూడు నాలుగు డెసిబెళ్ళ లాభము టవరు పాదమువద్ద ఎంత మిగులుచున్నదో కొలువని పరిశోధన సగము దారిలోనే నిలిచినట్లు.

మిగిలిన సగము దారి నడిచిన వారు మనలోనే కలరు. కందిలోని ఐఐటీ హైదరాబాదులో ఆచార్య కిరణ్ కూచి మొదలగువారు ఏ పద్ధతి నూతనమైనదని గాక, ఒక పంచాయతీకిని మరియొక పంచాయతీకిని నడుమ దూరమెంత అని ఆలోచన ప్రారంభించిరి. అంతర్జాతీయ టెలికాం సంఘము గ్రామీణ పరీక్షకు టవర్ల నడుమ 1732 మీటర్ల దూరమును తీసికొనగా, మన దేశము ఆరు కిలోమీటర్ల పరీక్షను కోరి అందు చేర్పించినది. అంత దూరమున ముందుగా ఓడిపోవునది టవరు కాదు, 200 మిల్లీవాట్లు మాత్రమే వెలువరించు ఫోను. తరంగమును పుట్టుకలోనే మలచి శిఖరమును దాదాపు సమతలము చేయు ‘పై బై టూ బీపీఎస్‌కే’ పద్ధతివలన, కొన్ని తరంగ పట్టీలలో ఫోను శక్తిని రెట్టింపు చేసికొనుటకు వీలు కలిగినది. దీనిని చేర్చుకొనిన మన ‘5జీఐ’ ప్రమాణము 2020లో అంతర్జాతీయ గుర్తింపు పొంది, పిదప ప్రపంచ ప్రమాణపు 17వ విడుదలలో విలీనమైనది. ప్రత్యేక ప్రమాణముగా నిలువలేదు గావున అది విఫలమని కొందరందురు. మన పల్లె దూరము ప్రపంచ ప్రమాణములో లెక్కకు వచ్చుటకంటె వేరు విజయమేమి కావలయును?

2022లో కేంద్ర మంత్రివర్గము 4జీ అందని 24,680 గ్రామములకు సేవ కల్పించు పథకమును ఆమోదించినది. అట్టి చోట్ల ప్రతి వాట్టును విలువగలదే. అనంతపురము జేఎన్‌టీయూ, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎం ఏకమై, గండికోట లోయ అంచున సౌరశక్తితో నడచు ప్రయోగ టవరు నొకదానిని నెలకొల్పవలయును. ప్రభుత్వము అందుకు స్థలమును, తరంగ అనుమతిని ఈయవలయును. రాయలసీమ ఎండ, సీమ రాయి, సీమ దూరము మూడును అచ్చట ఒక్కచోట దొరకును. ఇకమీదట శిఖరశక్తిపై వ్రాయు ప్రతి సిద్ధాంతగ్రంథమును రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పవలయును: వెదకులాట ఖర్చు పోగా బ్యాటరీ ఎన్ని గంటలు అదనముగా నిలిచినది? టవరునకు దూరముననున్న పల్లెలో ఫోను ఎంత మేర ముందునకు పలికినది? పరీక్షకులు ఈ రెండు అంకెలను అడుగ నారంభించిననాడు, మన విద్యార్థుల గణితము తానై పల్లెదారి పట్టును.