కుక్కను తెచ్చుకొనువారికి ఒక మాట



వీధికుక్కల విషయమై మీ జాబుల శీర్షికలో కొంతకాలముగా వాదోపవాదములు సాగుచున్నవి. జాలిగలవారు తలకొక కుక్కను తెచ్చుకొనినచో సమస్య తీరునని ఒక పాఠకుడు వ్రాసిరి. ఇష్టపడినవారు పురపాలక సంఘమునకు దరఖాస్తు పెట్టి వీధికుక్కను దత్తు తీసుకొనవచ్చునని 2025 ఆగస్టు 22న సుప్రీముకోర్టు చెప్పిన మాటను కూడ వారు ఉదహరించిరి. అయితే ఆ ఉత్తర్వులోనే ఉన్న తరువాతి వాక్యమును విడిచిపెట్టినారు. అట్లు తీసుకున్న కుక్క మరల వీధికి రాకుండ చూచు బాధ్యత తీసుకున్నవారిదే.

ఈ వాక్యము నన్ను గ్రుచ్చినంతగా మరియొకరిని గ్రుచ్చియుండదు. 1984లో నేను బరంపురములో ఉద్యోగము చేయుచుండగా పిల్లల ముచ్చటకొరకు ఒక కుక్కపిల్లను తెచ్చితిమి. మూడేండ్లకు మదరాసుకు బదిలీ అయినది. ఇక్కడ అద్దెకు దొరికిన ఇంటివారు కుక్క పనికిరాదనిరి. బరంపురపు ఇంటి యజమాని తాను చూచుకొందుననగా నమ్మితిని. నమ్మిన పని సులభమగును గనుక నమ్మితిని. ఆరు నెలలకు ఒక పెండ్లికి ఆ ఊరు వెళ్లినపుడు, అది మా పాతయింటి అరుగు క్రింద బొచ్చు ఊడి, డొక్కలు కనబడుచు పడియున్నది. నన్ను చూచి తోక ఊపినది. నేను ఆ రాత్రి బండికే మదరాసు వచ్చివేసితిని. మా చిన్నమ్మాయి ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఈ ప్రస్తావన వచ్చినచో ఇప్పటికిని లేచి లోపలికి పోవును.

ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును వదలివేయుట 1960నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరమే. మొదటి తప్పునకు జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయల వరకు. నేడు మంచి హోటలులో ఒక కాఫీ ఖరీదు! కాబట్టి చట్టమునకు భయపడి ఎవరును మానరు.

మూడేండ్ల క్రితము ఇక్కడి ఒక శరణాలయమునుండి అయిదేండ్ల కుక్కను తెచ్చితిమి. రాజపాళయము జాతిది. మన తెలుగు రాజులు తరతరాలుగా స్థిరపడిన ఊరి పేరు గల జాతియని, 2005లో తపాలా బిళ్లమీద బొమ్మ వేసిన జాతియని గొప్పకొరకు దీనిని కొనువారు కలరు. తెల్లని ఒడలుగల ఈ జాతిలో కొన్నిటికి పుట్టుచెవుడు ఉండును. ఇది వేటకుక్క, దినమునకు రెండుపూటల బాగుగా తిప్పకున్నచో ఇల్లు పీకి పందిరి వేయును. మాది చెవిటిదని తెలిసిన పిమ్మట ఎవరో శరణాలయపు గేటుకు కట్టి పోయినారట. (టపాకాయలు వినబడవు గనుక దీపావళి మాత్రము మాకు సుఖముగా గడచును.)

తెచ్చిన తొలి పది దినములు అది మంచము క్రిందనే ఉన్నది. రాత్రి మేము పడుకొనిన పిమ్మట తినెడిది. తోక ఊపుచు కృతజ్ఞత చూపునని ఎదురుచూచినవారు ఆ పది దినములలోనే తిరిగి ఇచ్చివేయుదురని శరణాలయమువారు నాతో చెప్పిరి. తరువాత తిండి తగవు. మనవారు చాలమంది పెరుగన్నముతో కుక్కను పెంచవచ్చునని తలచెదరు. అది చాలదని పశువైద్యుడు చెప్పగా, మా మడియింటిలో గుడ్డు ఉడుకవలసివచ్చినది. పెరటిలో వేరే పొయ్యి, వేరే గిన్నె ఏర్పడుటకు మా ఇంటావిడతో నెలరోజులు వాదము. ద్రాక్ష, ఉల్లి, చాకొలెట్టు కుక్కకు విషమని కూడ అప్పుడే తెలిసినది. ఏటేట పిచ్చికుక్క వ్యాధి టీకా, పురుగుల మందు, కార్పొరేషను లైసెన్సు ఉండనే ఉన్నవి. మాకు నెలకు మూడువేలకు తక్కువ కాదు.

ఇవి యన్నియు ఓర్చుకొనవచ్చును. నేను ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి. మన కుటుంబములలో పిల్లలు కుక్కను తెచ్చెదరు. తరువాత చదువులకో ఉద్యోగములకో పూనాకును, అమెరికాకును పోవుదురు. కుక్క పన్నెండు, పదునాలుగేండ్లు బ్రతుకును. మోకాళ్ల నొప్పులతో తల్లి దానిని మేడమెట్లు దింపుచుండును. మా వీధిలోనే ఇట్టి ఇండ్లు మూడు కలవు. తండ్రి ఆసుపత్రి పాలయిననాడు దానికి అన్నము పెట్టువారెవరు? కుమారుడు వీడియోలో దానిని పేరుపెట్టి పిలిచినంతమాత్రమున కడుపు నిండునా?

అందుచేత శరణాలయముల నిర్వాహకులకు ఒక మనవి. దరఖాస్తులో ఇంటి యజమాని సమ్మతితోపాటు, పెంచువారికి ఏమైన ఆయినచో కుక్కను తీసుకొనువారి పేరును, సంతకమును కూడ అడుగుడు. అరువదేండ్లు దాటిన మావంటివారికి కుక్కపిల్లలను ఈయక, ఎవరును కోరని ముదురు కుక్కలను ఇండు. మా కాలమును వాటి కాలమును సరిపోవును. రెండు వారములు చూచుకొని ఇచ్చు పద్ధతి పెట్టుడు. సాగదని తోచి తిరిగి తెచ్చినవారిని తిట్టకుడు. తిట్లకు జడిసినవారే రాత్రివేళ గేటుకు కట్టి పోవుదురు.

మా కుక్క కాగితములో నా తరువాత మా మేనల్లుని పేరు వ్రాయించితిని. అతడు ఒప్పుకొనుటకు మూడు ఆదివారములు పట్టినది.

— ఒక పింఛనుదారు,
పెరంబూరు, చెన్నై