పెరటి కుక్కలు, పిల్లులు: క్రొత్త రోగముల పుట్టుక

రైతుల యిండ్లలో కుక్కను, పిల్లిని పశుసంపదలో లెక్కించు వాడుక లేదు. ఎద్దునకు గాలికుంటు టీకా వేయించుటకు తెల్లవారక మునుపే పశువైద్యశాల ముందర నిలుచు రైతు, కళ్లమున రాత్రియంతయు ధాన్యమును కాచిన కుక్కకు రోగము వచ్చినచో "పోనిండు, ఇంకొకటి దొరకును" అనును. గాదె క్రింది యెలుకలను పట్టు పిల్లి సంగతి చెప్పనే యక్కరలేదు. ఈ యలక్ష్యము ఆ మూగజీవములకే గాక దొడ్డిలోని కోళ్లకును, పశువులకును, తుదకు ఇంటిలోని బిడ్డలకును కీడు కాగలదని మా యభిప్రాయము. ఎరువులు, విత్తనములు, అప్పుల వాయిదాలు వదలి సహకార పత్రిక కుక్కల సంగతి యెత్తుకొన్నదేమని కొందరు నవ్వవచ్చును. నవ్వియైనను చదువుడని మా మనవి.

క్రొత్త రోగము ఆకాశము నుండి ఊడిపడదు. ఒక జంతువునందు చిరకాలముగ నున్న వైరసు మరియొక జంతువునందు కాలూనినపుడే మనము దానిని క్రొత్త రోగమనుచున్నాము. అయితే సోకినంత మాత్రమున కాలూనినట్లు కాదు. పిచ్చికుక్క కరచిన గేదె చచ్చును; గాని ఆ గేదె నుండి మందలోని తక్కిన గేదెలకు రోగము ప్రాకుట మనము చూడము. రేబీసు వైరసు గేదెలోనికి పోగలదే గాని అచ్చటి నుండి ముందునకు సాగు త్రోవ దానికి సామాన్యముగ దొరకదు. ఒక జాతి నుండి మరియొక జాతికి దాటిన వైరసులలో పెక్కింటి గతి యింతే. ఎప్పుడో యొకటి మాత్రము త్రోవ కనుగొనును. కుక్కల పార్వో రోగము అట్లు త్రోవ కనుగొన్నదే.

పిల్లులకు ప్రాణాంతకమగు పాన్‌ల్యూకోపీనియా యను రోగము గత శతాబ్దపు పూర్వార్ధముననే పశువైద్యులకు తెలిసినది. కుక్కలకు దాని వలన జబ్బు కలుగుట లేదు. అట్లుండగా 1978లో అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా, జపాను దేశములలో కుక్కపిల్లలు రక్తవిరేచనములతో గుంపులు గుంపులుగ చావజొచ్చినవి. కొన్ని పిల్లలు గుండె చెడి ఉన్నచోటనే కూలినవి. పరీక్షింపగా ఆ వైరసు పిల్లుల వైరసునకు మిక్కిలి దగ్గరి చుట్టమని తేలెను. నిలువచేసి యుంచిన పాత రక్తపు నమూనాలను వెదకి చూడగా, అంతకు రెండు మూడేండ్ల ముందే ఐరోపాలోని కుక్కలలో దాని జాడ కనబడెను. అనగా లోకము గుర్తించుటకు ముందే అది కొంతకాలము చప్పుడు చేయక కుక్కలలో తిరుగుచుండెనన్న మాట.

ఇంత చేటు తెచ్చిన మార్పు ఎంతటిది? ఆ వైరసు యొక్క వంశలిపి మొత్తము సుమారు 5,000 అక్షరములు మాత్రమే. దానిపై నుండు పెంకు ముఖ్యముగ ఒక మాంసకృత్తుతో కట్టబడినది. ఆ మాంసకృత్తులో ఆరేడు చోట్ల మార్పు కలుగుటయే కుక్కకు కొంపముంచినది. శరీరములోని కణములకు ఇనుమును లోనికి తెచ్చుకొను ద్వారములుండును. పిల్లుల వైరసు పిల్లి కణపు ద్వారమున దూరగలదు. కుక్క ద్వారమునకు అది పట్టదు. ఆ స్వల్పమైన మార్పులతో పెంకు కుక్క ద్వారమునకు అమరెను. మరియొక విచిత్రము: 1978 నాటి వైరసు కుక్కకు అమరుటలో పిల్లికి సోకు శక్తిని పోగొట్టుకొనెను. 1980 ప్రాంతమున తలయెత్తిన మారురకము ఆ శక్తిని మరల సంపాదించి, కొలది కాలములోనే మొదటి రకమును వెనుకకు నెట్టివేసెను. ఆ పిమ్మట 1984లో నొకటి, 2000లో ఇటలీలో మరియొకటి బయలుపడినవి. ఒకే మందును ఏటేట చల్లిన పొలములో పురుగు మొండిదగుట మన రైతులెరిగినదే. చావక మిగిలినదే సంతానమును పెంచును. వైరసు పద్ధతియు అదియే. దాని తరము మాత్రము గంటలలో ముగియును.

వైరసులు మారుటకు వేరొక మార్గమును గలదు. 2023లో సైప్రసు ద్వీపమున పెక్కు పిల్లులను చంపిన కరోనా వైరసును పరిశోధింపగా, పిల్లి వైరసునకు కుక్క వైరసు ముల్లు అతుకుకొనిన రకమని తెలిసెను. మామిడికి అంటు కట్టినట్లు ఇది రెండు వైరసుల అంటు. ఒకే జంతువులో రెండును ఒకేసారి చేరినపుడు గాని ఇట్టి అంటు పడదు. గుఱ్ఱముల ఇన్‌ఫ్లూయెంజా 2004లో అమెరికాలోని ఫ్లోరిడాలో పందెపు కుక్కలకు సోకి, వానిలో నిలిచిపోయెను. గుఱ్ఱములును కుక్కలును దగ్గరగ బ్రతుకు తావులలోనే వైరసునకు అట్టి అదను దొరకును.

ఇప్పుడు మన దొడ్డి సంగతి చూతము. కోళ్లు, బాతులు, గేదెలు, కుక్క, పిల్లి, పసిబిడ్డలు, పైన చెట్టు మీద కాకులు: ఇందరు ఒకే చోట మెలగు తావు పట్టణములలో వెదకినను దొరకదు. బర్డ్ ఫ్లూ హెచ్5ఎన్1 వైరసు 2004లో థాయిలాండులో పిల్లులకును, పచ్చి కోడిమాంసము తినిన పులులకును సోకి చంపెను. 2024లో అమెరికాలోని టెక్సాసులో జబ్బుపడిన ఆవుల పచ్చిపాలు త్రాగిన పిల్లులు చచ్చెను. 2025 ఆరంభమున మధ్యప్రదేశములోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులలో ఆ వైరసు కనబడెను. అదే సంవత్సరము ఫిబ్రవరిలో మన తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని కోళ్లఫారములలో అది నిర్ధారింపబడెను. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ దానివలన మరణించెను. ఈ వైరసు పిల్లి నుండి పిల్లికి నిరాటంకముగ ప్రాకు శక్తిని ఇంకను సంపాదింపలేదు. దానికి అదను ఇచ్చుచున్నవారెవరు? చచ్చిన కోడిని పెంటపై విసరి, కుక్క యీడ్చుకొనిపోవుచుండగా చూచి యూరకుండు మనమే. చచ్చినది కొక్కెర రోగముననా, బర్డ్ ఫ్లూ వలననా యని కంటితో చూచి చెప్పుట అనుభవజ్ఞునికిని సాధ్యము కాదు.

కొందరు దీనికి విరుగుడుగ ఊరి కుక్కలను చంపవలెనందురు. మే మొప్పుకొనము. ఉన్న కుక్కలు పోయిన చోటికి టీకా యెరుగని పొరుగూరి కుక్కలు వచ్చి చేరును. ఊరిలోని కుక్కలకు టీకా వేయించి నిలుపుకొనుటయే మేలు. జూలై 6వ తేదీన పశువైద్యశాలలలో రేబీసు టీకాలు ఉచితముగ వేయుట పరిపాటి, దానిని వదలుకొనరాదు. పార్వో, డిస్టెంపరు మొదలగువానికి కలిపి వేయు టీకా మాత్రము కొనవలసియుండును. కుక్కపిల్లకు ఆరెనిమిది వారముల వయసున మొదలిడి, పదునారు వారములు నిండువరకు మూడు నాలుగు వారముల కొకసారి వేయింపవలెను. తల్లిపాల వలన వచ్చిన రక్షణ తొలి టీకాను పని చేయనీయకపోవచ్చును గనుక ఒక్క సూదితో సరిపుచ్చుట వ్యర్థము. పార్వోతో కుక్క చచ్చిన తావున ఆ వైరసు నెలల తరబడి నేలలో నిలుచును. సబ్బునకు లొంగదు, బ్లీచింగు పొడి కలిపిన నీటికి లొంగును.

ఒంటరి రైతు ఒక్క కుక్కకై పట్నము పోయి, మంచుపెట్టెలో టీకా తెచ్చుట జరుగని పని. నలువది యిండ్లవారు కలిసి ఒకేనాడు తెప్పించినచో దారిఖర్చు పంచుకొనవచ్చును, మందును చెడదు. విత్తనములు కలిసి కొనుటకు పనికివచ్చిన సంఘము దీనికి ఏల పనికిరాదు? అట్లే చచ్చిన కోళ్లకై ఊరి వెలుపల, బావులకును కాలువలకును దూరముగ ఆరడుగుల గోయి త్రవ్వించి, సున్నము సిద్ధముగ నుంచవలెను. ఒకేసారి పెక్కు కోళ్లు చచ్చినచో మొదట పశువైద్యునికి కబురంపి, ఆతడు వచ్చువరకు కుక్కలను, పిల్లులను కట్టియుంచవలెను. ఈ రెండు విషయములను రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలసినదిగ పాలకవర్గమును కోరుచున్నాము. గోతికి తగిన మెరక చూపగల సభ్యులు, టీకా వేయింపవలసిన కుక్కపిల్లలు గలవారు తమ పేళ్లను ముందుగనే కార్యాలయమున వ్రాయింతురుగాక.