తీరిక వేళ: ఉప్పుగాలిలో పాత టిల్లరు

విదేశాలలో పాత తోట ట్రాక్టర్లను బాగుచేయుట కొందరికి ప్రియమైన వ్యాసంగం. మన ప్రాంతమున ఆ స్థానం పవర్ టిల్లరుది. 1967లో బెంగళూరున నెలకొన్న వి.ఎస్.టి. సంస్థ మిత్సుబిషి సహకారంతోను, 1973లో కేరళ ప్రభుత్వ రంగమున ఏర్పడిన కామ్కో కుబోటా సహకారంతోను వీటిని రూపొందించినవి.

పుదుచ్చేరి వంటి తీరపట్టణమున వీటికి ప్రథమ శత్రువు తుప్పు. ఏళ్ల తరబడి కదలక పిస్టన్ బిగిసిన ఇంజనును బలవంతంగా త్రిప్పరాదు. ఇంజెక్టరు విప్పి, సిలిండరులో కొద్దిగా పలుచని నూనె పోసి, రెండు మూడు దినములు ఆగవలెను. (ఓపిక లేనివారికి ఈ సరదా తగదు!) పిస్టన్ కదలిన పిదప ఇంజెక్టరు బిగించుటకు ముందే హ్యాండిలు త్రిప్పి, మిగిలిన నూనెను వెలికి నెట్టవలెను, లేనిచో కనెక్టింగ్ రాడ్డు వంగగలదు. ట్యాంకులోని తుప్పు, నీరు తీసివేయక కొత్త ఫిల్టరు వేసినను ప్రయోజనం స్వల్పమే.

ఇంటివారందరు గమనింపవలసినది మరొకటి కలదు. హ్యాండిలు పట్టునపుడు బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల వైపే ఉండవలెను. ఇంజను ఎదురుతన్నినచో చుట్టి పట్టిన బొటనవ్రేలు విరుగును. బెల్టు కవరు లేకుండ ఇంజను ఆడించుట, అందునా పిల్లలు చుట్టూ చేరినపుడు, ఎంతమాత్రం కూడదు.

అక్టోబరులో ఈశాన్య ఋతుపవనం రాకమునుపే బ్లేడ్లను మంచినీటితో కడిగి, ఆరబెట్టి, గ్రీజు పూయండి.