బార్సిలోనా మనదెప్పుడైంది?

మొన్న ఆఫీసు క్యాంటీన్‌లో మా టీమ్‌మేట్ ఒకడు "మన బార్సా ఓడిపోయింది" అని తెగ బాధపడిపోయాడు. మనదెప్పుడైంది బాబూ? సరే, నేనూ తక్కువ తినలేదు లెండి. పుట్టింది ఆదోని, చదివింది ఎమ్మిగనూరు. మా చిన్నప్పుడు రెండూళ్ళలోనూ బంతంటే క్రికెట్ బంతే!

కానీ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి మనలో ఎంతమందికి తెలుసు? సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచారు. 1962లో జకార్తా ఏషియాడ్‌లో భారత్‌కి బంగారం తెచ్చిన కోచ్ కూడా ఆయనే. మరుసటి ఏడాదే పోయారు. మనం మర్చిపోయాం.

2019లో పుణె ఫ్రాంచైజీ ఇక్కడికొచ్చి హైదరాబాద్ ఎఫ్‌సీ అయింది. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచింది. 2025లో పెట్టేబేడా సర్దుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. యజమానుల్ని తిట్టడం తేలికే. గచ్చిబౌలి స్టేడియం నా ఆఫీసుకి దగ్గరే, అయినా నేను ఒక్క మ్యాచికీ వెళ్ళలేదు. మీరు వెళ్ళారా?

అర్ధరాత్రి దాకా మేలుకుని యూరప్ మ్యాచులు చూసే ఓపికుంది కదా, ఇక్కడ ఏ చిన్న జట్టు ఆడినా ఒక్క ఆదివారం వెళ్ళి చూద్దాం. అప్పటిదాకా "మన జట్టు" అనే మాట ఎత్తొద్దు, నాతో సహా.