చిన్న వ్యాపారం.. ఏ పని బయటికి ఇవ్వాలి? ఏది చేతిలో ఉంచుకోవాలి? లెక్క తప్పితే నష్టమే!

ఆవకాయ సీజన్‌లో మార్కెట్‌కు వెళ్తే కనిపించే సీనే ఇది. కాయలు కొంటారు, ముక్కలు అక్కడే డబ్బులిచ్చి కొట్టించుకుంటారు. కారం మిల్లులో పట్టిస్తారు. కలపడం మాత్రం ఇంట్లోనే! ఔట్‌సోర్సింగ్ అనే పేరు తెలియకముందే తెలుగిళ్లలో ఈ పద్ధతి ఉంది. అదే ఇంటావిడ పచ్చళ్ల వ్యాపారం పెట్టి ఆర్డర్లు పెరిగాక మాత్రం ఈ తేడా మర్చిపోతున్నారు. చేతిలో ఉండాల్సిన పని బయటికి పోతోంది. బయటికి ఇవ్వాల్సిన పని కోసం అర్ధరాత్రి దాకా మేల్కొంటున్నారు.

అసలు ఎప్పుడు ఇవ్వాలి?

"పని ఎక్కువైంది" అన్నది ఒక్కటే కారణమైతే సరిపోదు. ఆ పని ఏడాది పొడవునా ఉంటుందా, సీజన్‌లోనే ఉంటుందా అన్నది ముందు చూడాలి. ఒక లెక్క వేసి చూద్దాం. పార్శిల్ ప్యాకింగ్‌కు మనిషిని పెట్టుకుంటే నెలకు 12 వేలు అనుకుందాం. ఏడాదికి లక్షా 44 వేలు. బయటివాళ్లకు ఇస్తే పార్శిల్‌కు 25 రూపాయలు. సీజన్ మూడు నెలలు నెలకు 600 పార్శిళ్లు, మిగతా తొమ్మిది నెలలు నెలకు 100 పోతే మొత్తం 2,700. అంటే 67,500 రూపాయలతో అయిపోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మే నెలలో ప్యాకింగ్ బిల్లు 15 వేలు వచ్చేసరికి "మనిషిని పెట్టుకుంటే 12 వేలే కదా" అని ఒప్పందం రద్దు చేసుకుంటారు. అక్టోబర్‌లో ఆ మనిషికి పని ఉండదు, జీతం మాత్రం ఇవ్వాలి. అలాగని బయటికి ఇవ్వడమే ఎప్పుడూ చవక అనుకోవద్దు. ఇదే లెక్కలో నెలకు సగటున 480 పార్శిళ్లు దాటితే సొంత మనిషే లాభం. అంకెలు ఒక్కో వ్యాపారానికి ఒక్కోలా ఉంటాయి. చూడాల్సింది ఒక నెల బిల్లు కాదు, పన్నెండు నెలల బిల్లు.

పని బయటికి పోతుంది.. బాధ్యత పోదు!

అసలు చిక్కు ఇదే. జీఎస్టీ రిటర్నులు అకౌంటెంట్ వేస్తారు, నిజమే. ఆయన మర్చిపోతే జీఎస్టీఆర్-3బీకి రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు పడేది వ్యాపారి మీదే. నిల్ రిటర్న్ అయినా రోజుకు 20 కట్టాల్సిందే. నోటీసు కూడా వ్యాపారి పేరు మీదే వస్తుంది. ఇంకో ఘోరం ఏంటంటే.. రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడు పోర్టల్‌లో అకౌంటెంట్ ఫోన్ నంబర్, మెయిల్ ఐడీ ఇచ్చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. అలాంటప్పుడు నోటీసు వచ్చిన సంగతే యజమానికి తెలియదు. రిటర్న్ ఎవరు వేసినా ఓటీపీ వచ్చే ఫోన్ యజమానిదే అయి ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ పేజీ, వెబ్‌సైట్ డొమైన్‌కూ ఇదే రూల్. ఏజెన్సీతో గొడవైన రోజున పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరుంటే కస్టమర్లూ వాళ్ల దగ్గరున్నట్టే.

తయారీనే బయటికి ఇస్తే ఇంకా జాగ్రత్త పడాలి. సీసాపై తయారుచేసిన వాళ్ల వివరాలు, అమ్మే బ్రాండ్ వాళ్ల వివరాలు రెండూ ఉండాలి. బ్రాండ్ యజమానికీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ కావాలి. పచ్చడి బూజు పట్టిందని కస్టమర్ ఫోన్ చేసేది ఎవరో తెలియని యూనిట్‌కు కాదు, సీసా మీద పెద్దక్షరాల్లో పేరున్న వాళ్లకే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తయారీదారుతో పాటు అమ్మినవాళ్లపైనా ప్రోడక్ట్ లయబిలిటీ కేసు వేసే వీలుంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు మిరపకాయల్లాంటి సరుకు జాబ్ వర్క్‌కు పంపితే డెలివరీ చలాన్ ఉండాలి. పంపిన సరుకు ఏడాదిలోగా తిరిగి రావాలి, లేదంటే జాబ్ వర్కర్ దగ్గరి నుంచే అమ్మేయాలి. రెండూ జరగకపోతే పంపిన రోజే సరఫరా చేసినట్టు లెక్కగట్టి పన్ను అడుగుతారు.

45 రోజుల రూల్ తెలుసా?

పని చేసిచ్చినవాళ్లు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే డబ్బులు ఆపి ఉంచడం కుదరదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడిగే హక్కు వాళ్లకుంది. పైగా గడువు దాటిన ఆ బిల్లును డబ్బు చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. ఆదాయపు పన్నులో ఈ నిబంధన 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి అమల్లోకి వచ్చింది. ఇదే రూల్ చిన్న వ్యాపారికి మేలూ చేస్తుంది. ఉద్యం ఉంటే, పెద్ద కంపెనీకి సరుకు తయారుచేసిచ్చి నెలల తరబడి తిరిగే బాధ తప్పించుకోవడానికి చట్టం చేతిలో ఉన్నట్టే.

రుచి గుట్టు ఎవరి దగ్గర?

కొలతలన్నీ రాసిచ్చేస్తే వచ్చే సీజన్‌కు ఆ యూనిటే పోటీ బ్రాండ్ పెట్టొచ్చు. ట్రేడ్‌మార్క్ కాపాడేది పేరునే, రుచిని కాదు. ఆ పేరైనా ముందే రిజిస్టర్ చేయించుకోవాలి. ఆన్‌లైన్‌లో అయితే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో క్లాస్‌కు ఫీజు 4,500 రూపాయలు. రుచి సంగతికొస్తే, ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు ఇంట్లోనే కలిపి బస్తాల్లో పంపడం మంచి ఉపాయం. ముక్కలు, నూనె, సీసాలు, మూతల పని వాళ్లు చూసుకుంటారు. కాస్త రవాణా ఖర్చు పెరిగినా గుట్టు గడప దాటదు.

మొదటిసారే మొత్తం ఆర్డర్ అప్పగించొద్దు. సీజన్‌కు ముందే 50 సీసాలు చేయించి, నెల రోజులు పక్కనపెట్టి, మూత తీసి చూడాలి. మిగిలిన లేబుళ్లు, కస్టమర్ల లిస్ట్ తిరిగి ఎప్పుడిస్తారో ఒప్పందంలో రాయించుకోవాలి. ఇవన్నీ మార్చిలోపే తేల్చుకోవడం మేలు. కాయ మార్కెట్‌లోకి దిగాక బేరమాడే టైమ్ ఎవరికీ ఉండదు.