కార్డు కోసం మేమా, మా కోసం కార్డా?

"అమ్మానాన్నలకి గ్రీన్‌కార్డు చేసేశాను." అమెరికాలో నలుగురు తెలుగువాళ్ళు కూడిన చోటల్లా ఈ మాట వినబడుతుంది. ఆ క్రియాపదాన్ని గమనించండి. చేసేశాను! చేసినవారు కొడుకో కూతురో. చేయబడినవారు డెబ్భయ్యేళ్ళ ఇద్దరు మనుషులు. ఆ వాక్యంలో వారికి చోటు లేదు. నా పేచీ అంతా అక్కడే. ఒకప్పుడు ఈ మాటే గర్వంగా అన్నవాణ్ణి కనుక ముందు నా నేరం ఒప్పుకుంటాను.

2016లో నాకు ఇక్కడి పౌరసత్వం వచ్చింది. ఇరవయ్యొక్కటేళ్ళు నిండిన పౌరుడు తల్లిదండ్రులకోసం దరఖాస్తు చేయవచ్చుననీ, వారికి ఏటా ఇన్ని వీసాలనే పరిమితి లేదనీ తెలుసుకుని, మనిషికొకటి చొప్పున రెండు ఐ-130 దరఖాస్తులు పంపేశాను. ఆ రాత్రి తెనాలికి ఫోను చేసి శుభవార్త చెప్పాను. చెప్పానే గాని అడగలేదు. ప్రభుత్వం వేసిన ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబులు రాసిన నేను, కన్నవాళ్ళను ఒక్క ప్రశ్న వేయలేదు.

2018 శరదృతువులో వచ్చారు. కొత్తగా దిగిన శాశ్వత నివాసి అరవై రోజులలోగా మార్కెట్‌ప్లేస్ ఆరోగ్యబీమాలో చేరవచ్చు. నేను "వచ్చేనెల చూద్దాం" అనుకుంటూ ఆ గడువు దాటబెట్టాను. జనవరిలో అమ్మ మంచుమీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి బిల్లు నేనే కట్టాను. పోయింది ఆ డబ్బు కాదు. అంకె ఎంతో అమ్మ మా అబ్బాయిచేత చదివించుకుంది. ఆనాటి నుంచి నొప్పి దాచుకోవడం నేర్చుకుంది. మెట్లెక్కుతూ మోకాలు సలిపితే, నేను చూస్తున్నానని ఆగి గోడమీది ఫోటోలు చూస్తున్నట్టు నటించేది.

"అక్కడ అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే దిక్కెవరు?" అంటారు మీరు. న్యాయమైన భయమే. నాదీ అదే భయం. అయితే అది మన భయం. రోగం మనదైతే మందు వాళ్ళచేత మింగిస్తున్నామేమో ఆలోచించండి. ఇంకొక మాట కూడా నిజాయితీగా అనుకుందాం. దరఖాస్తు పెట్టేవేళ డేకేర్ ఖర్చు లెక్కవేసుకోని వారెందరు? మనవల్ని ఎత్తుకోవడం వేరు, ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా జీతంలేని కొలువు వేరు.

రావద్దని నేననడం లేదు. కోరి వచ్చి హాయిగా ఉన్న పెద్దవాళ్ళు నాకు తెలుసు. కాని పనులకొక వరుస ఉంది, మనం దాన్ని తలకిందులు చేస్తున్నాం.

మొదటిది అడగడం. వేసవి చూపించి నిర్ణయం అడగవద్దు, సందర్శకులుగా ఒక చలికాలం ఉంచి అడగండి. కార్డంటే ఇక్కడ కాపురముండే షరతు అని విడమరచి చెప్పండి. ఏటా ఒకసారి వచ్చి ముఖం చూపించి పోతే చాలుననేది అపోహ. ఆరునెలలు మించి బయట ఉంటే పౌరసత్వపు లెక్క చిక్కులో పడుతుంది. ఏడాది మించాలంటే రీఎంట్రీ పర్మిట్‌కు ఈ దేశంలో ఉండగానే దరఖాస్తు పెట్టాలి.

రెండవది వైద్యం. అరవయ్యైదు దాటినంత మాత్రాన మెడికేర్ రాదు. ఇక్కడ ఉద్యోగం చేయని దంపతులకు అయిదేళ్ళ నిరంతర నివాసం నిండాలి, ఆపైన కొనుక్కోవాలి. 2025 ధరల్లో మనిషికి నెలకు పార్ట్ ఎ 518 డాలర్లు, పార్ట్ బి 185. మెడికెయిడ్‌కు 1996 నాటి చట్టం అయిదేళ్ళ ఆంక్ష పెట్టింది, కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంత నిధులతో సడలించాయి. ఈ నిరీక్షణలో ఉన్న దారిద్ర్యరేఖ దిగువవారికి అందుతూ వచ్చిన బీమా రాయితీ 2026 జనవరి నుంచి రద్దయింది. కనుక బీమా ఖర్చు తేలాకే టిక్కెట్లు కొనండి. పళ్ళు, కళ్ళు అక్కడే చూపించి, మందుల అసలు పేర్లతో జాబితా రాయించి తెండి.

మూడవది అక్కడి గూడు. ఇల్లు అమ్మించకండి. కనీసం రెండేళ్ళు ఆగండి. బ్యాంకు ఖాతాలను ఎన్నార్వోగా మార్పించి, ఇంటి వ్యవహారాలకు నమ్మకమైనవారి పేర పవరాఫటార్నీ రాయించి, పింఛనుకు ఏటేటా ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం సంగతి కనుక్కుని బయల్దేరదీయండి. అక్కడి వడ్డీలు, అద్దెలు, కౌలు ఇక్కడి పన్నులెక్కలోకి వస్తాయి. భారతదేశపు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ దాఖలు చేయాలి.

నాలుగవది ఇక్కడి గౌరవం. సోషల్ సెక్యూరిటీ నంబరు, రాష్ట్రపు గుర్తింపు కార్డు, ఎవరికివారికి సొంత బ్యాంకు ఖాతా, ఇంటి తాళంచెవి మొదటినెలలోనే వారి చేతుల్లో ఉండాలి. మా నాన్నగారు ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. గెడ్డంగీసుకునే బ్లేడుకు నన్ను డబ్బులడగవలసి వచ్చింది. అడగడం మాని గెడ్డం పెంచారు. అది వైరాగ్యమనుకున్నాను నేను!

ఇక ఐ-864. దారిద్ర్యరేఖకు 125 శాతం స్థాయిలో వారిని పోషిస్తానని మనం ప్రభుత్వానికి రాసిచ్చే ఒప్పందమిది. సాధారణంగా వారు పౌరులయ్యేదాకా మనల్ని వదలదు. ఆ పత్రం వారికి చదివి వినిపించండి. బాకీ మనదని, వారు మనకు పడ్డ రుణం కాదని తెలియాలి.

2022లో నాన్నగారు తిరిగి వెళ్ళిపోతామన్నారు. అయిదేళ్ళు నిండబోతున్నాయి, ఇంకొక్క ఏడాది ఓపిక పట్టండని వాదించాను. ఆయన నింపాదిగా, "కార్డు కోసం మేమా, మా కోసం కార్డా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఐ-407 మీద ఇద్దరూ సంతకాలు చేసి, తమంతట తాముగా కార్డులు వదులుకున్నారు. "అంత కష్టపడి చేస్తే పారేశారా!" అన్నారు మిత్రులు. మళ్ళీ అదే క్రియాపదం.

2024 వేసవిలో సందర్శక వీసామీద, తిరుగుటిక్కెట్టుతో వచ్చారు. రెండోరోజున అమ్మ మెట్లమధ్య ఆగింది. గోడవైపు చూడలేదు. "మోకాలు నొప్పిరా, చెయ్యి పట్టుకో" అంది.

మీరు ఐ-130 నింపుతూంటే కాసేపు కలం పక్కన పెట్టండి. ముందు అమ్మకి ఫోను చేయండి. ఈసారి చెప్పకండి, అడగండి.